ఫైల్లో లేని కడుపు మంట

నేను మణుగూరు అవతల అడవి పల్లెలు తిరిగే నర్సుని. పేరు కళావతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లంటారు. ఉండనీ. జమ్లి విషయంలో వచ్చిన కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

జమ్లి తండా మనిషి. మిరప తోటలకు కూలికి పోతుంది. 2006లో ఒకరోజు ఒంటి నిండా నల్లటి మచ్చలతో వచ్చింది. పళ్లు తోముకుంటే నెత్తురట. మొగుడు పూల్‌సింగ్ కొట్టాడని తండా అంతా అనేసింది. పాపం, ఆయన తలెత్తుకోలేకపోయాడు. నేనే వాళ్లను పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాను. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉండాల్సింది ఎనిమిది వేలే ఉన్నాయి. ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటుపడి వాటిని చంపుతోందన్నారు.

స్టెరాయిడ్ గోలీలిచ్చారు. మొహం ఉబ్బింది. గోలీలు ఆపగానే ప్లేట్‌లెట్లు మళ్లీ పడిపోయాయి. వెళ్లిన ప్రతిసారీ జమ్లి ఒకటే చెప్పేది.

"సారూ, కడుపుల మంట. తిన్నంక ఇంక ఎక్కువైతది."

"దానికి వేరే డాక్టరున్నాడమ్మా. ముందు నీ రక్తం సంగతి చూద్దాం" అనేవాళ్లు. ఆ వేరే డాక్టరు దగ్గరికి ఒక్కరూ పంపలేదు.

రెండేళ్లు ఇలా తిప్పి, చివరికి ప్లేట్‌లెట్లు చచ్చేది అక్కడే కాబట్టి కడుపులో ఎడమ పక్కనుండే ప్లీహం తీసేయాలన్నారు. "సార్, మా దిక్కు మలేరియా జ్వరాలెక్కువ. అది లేని మనిషికి జ్వరమొస్తే ప్రాణం మీదికి రాదా?" అని అడిగాను.

"నువ్వు నర్సువా, డాక్టరువా?" అన్నాడు పెద్ద డాక్టరు. నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది.

కోసి తీసేశారు. నెల తిరక్కముందే మళ్లీ మచ్చలు.

ఈసారి శ్రీధర్ అనే కుర్ర డాక్టరు చూశాడు. కడుపు మంట అనగానే కలం పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. చేయించింది ఉత్త మలపరీక్ష. జీర్ణాశయంలో హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉందని తేలింది. కొందరిలో ఒళ్లు దానితో పోరాడబోయి తన ప్లేట్‌లెట్లనే చంపుకుంటుందట. "అందరికీ తగ్గుతుందని చెప్పలేను, చూద్దాం" అని రెండు వారాలకు మందులు రాశాడు.

రెండు నెలలకు ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు!

సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండిపోయింది. ఏ మందుల షాపులోనైనా దొరికే మాత్రలవి.

జమ్లి తన ఫైలు తెచ్చి శ్రీధర్ ముందు పెట్టింది. "రెండేండ్ల సంది కడుపుల మంటని చెప్తనే ఉన్న. గిండ్ల ఏడ రాసిన్రో చూపియ్యి సారూ."

అతను మొదటి కాగితం నుంచి చివరిదాకా తిప్పాడు. ఎక్కడా లేదు. ఫైలు మూశాడు.

తిరుగు బస్సులో జమ్లి అడిగింది. "ఇగ జరమొస్తే చస్తనా అక్కా?"

"ఒళ్లు వెచ్చగైతే చాలు, జల్దీ దవాఖానాకు పోవాలె. వాగు పొంగినా ఆగొద్దు" అన్నాను.

జమ్లి నా వైపు తిరిగింది. "నెలనెలా నీకు గూడ చెప్పిన గదా. నీ రిజిస్టర్ల రాసినవా?"

నా రిజిస్టర్లో జ్వరానికి గడి ఉంది, కాన్పుకు గడి ఉంది, టీకాకు ఉంది.

"లేదు జమ్లీ. గ్యాస్ గోలీ ఇచ్చి పంపిన. రాయలే."

జమ్లి తన ఫైలు తీసుకుని లేచి ముందు సీట్లోకి మారింది.