ఎర్ర టేపు

విప్పిన స్క్రూలను ఉన్న వరుసలోనే అయస్కాంతపు రేకు మీద పేర్చి, అతను లాప్‌టాప్ అడుగు మూతను గోటితో లేపాడు. పాత హార్డ్ డిస్క్ చేతిలోకి వచ్చింది. నిన్నటి నుంచి అది టకటకమంటోంది. ఆ చప్పుడు మొదలైతే డిస్క్ ఎంతోకాలం బతకదని, ఈ రిపేరు షాపులోనే తల నెరిసిన అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

లాప్‌టాప్ అతని భార్యది. బడిలో పనిచేసిన రోజుల్లో ఆమె పిల్లల కోసం పాఠాలు చెప్పి ఇందులో రికార్డు చేసేది. తర్వాత గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో గడ్డతోపాటు మాటా పోయింది. గడ్డ మాత్రం మళ్ళీ వచ్చింది. ఇప్పుడామె మంచం దిగడం లేదు. సాయంత్రాలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన పాఠాలు తనే వింటుంది, నవ్వాల్సిన చోట పెదాలు కదుపుతుంది. ఆ పాఠాలకు మరో కాపీ లేదు. ఎందరి డిస్కులకో కాపీలు తీసిన అతనికి సొంత ఇల్లు గుర్తురాలేదు.

ఫోన్ మోగింది. మరదలు.

"బావా, అక్క గొంతు చంకన పెట్టుకుపోయావు. ఎప్పుడు తెస్తావని అడుగుతోంది. అడగడమంటే, నా వాచీ మీద వేలితో పొడుస్తోందిలే."

"సాయంత్రానికి తెస్తానని చెప్పు. ఈ కొత్తది అసలు చప్పుడే చెయ్యదు. ఇంకా బాగా వినపడుతుందను."

కాపీ తీసే పెట్టెకు రెండు స్లాట్లు. ముందు దాంట్లో పాత డిస్క్, వెనక దాంట్లో కొత్తది పెట్టి మీట నొక్కితే, ముందు దాంట్లో ఉన్నదంతా వెనక దాంట్లోకి కాపీ అవుతుంది. స్లాట్ల పక్కన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకే అతను ప్రతిసారీ, తీగ ఉన్న వైపే వెనక అని పెట్టెను తిప్పి చూసి, ముందు స్లాట్‌కీ పాత డిస్క్‌కీ ఎర్ర టేపు అంటించాకే మీట ముట్టుకుంటాడు.

టేపు చుట్ట అయిపోయింది.

"ఊరందరి డిస్కులకీ టేపేస్తావు, ఇంటిదానికి లేదా అన్నా?" అన్నాడు షాపు యజమాని.

"మనదేగా," అంటూ డిస్కులు రెండూ పెట్టి మీట నొక్కాడు.

పని ముగిశాక కొత్త డిస్క్‌ను లాప్‌టాప్‌లో బిగించి చూశాడు. ఖాళీ. పాతదాన్ని కలిపి చూశాడు. అదీ ఖాళీ. అప్పుడు పెట్టె వైపు చూశాడు. దాని తీగ ఇవాళ తనవైపు ఉంది.

"దీన్ని తిప్పావా?"

"పొద్దున దుమ్ము తుడిచాను. ఏం?"

చెరిపేసినవైతే తవ్వి తీయొచ్చు. మీద ఖాళీనే రాసేశాక తవ్వడానికేముంటుంది? అయినా చీకటి పడేదాకా తవ్వుతూనే ఉన్నాడు.

దారంతా ఆమెకు చెప్పాల్సిన మాట వెతుక్కున్నాడు. ఇంటి మెట్ల దగ్గర ఒకటి దొరికింది. చాలా చిన్నది. దాన్నే నోట్లో పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

మరదలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఇందాకే, బావా. నిద్రపోతోందనుకున్నాను."

అతను లాప్‌టాప్‌ను మంచం పక్క బల్ల మీద, రోజూ ఉండే చోటే పెట్టాడు. దుప్పటిని ఆమె మెడ దాకా లాగాడు.

దిండు పక్కన ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. తీగ చిక్కులన్నీ విప్పి, రెండు మొగ్గలూ తుడిచి, పిన్ను బల్ల వైపు తిప్పి పెట్టి ఉంది.