కన్ను పెట్టే ఉలి

నేను ఒక చిన్న ఉలిని. చిటికెన వేలంత పొడవు, జొన్నగింజ పట్టేంత గుండ్రటి నోరు. ధర్మవరం వైపు ఒక పల్లెలో కమ్మరి మౌనాచారి ఇనుమును అరగదీసే ఆకురాయి విరిగితే, దాన్ని కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. "ఇంత చిన్నదాంతో ఏం పొడుస్తావప్పా, దోమనా?" అని నవ్వాడు. నన్ను చేయించుకున్న వన్నూరప్ప మాత్రం నవ్వలేదు. ఆయన తోలుబొమ్మలు చేసి ఆడించేవాడు. నన్ను వెలుతురుకెత్తి, నా నోట్లోంచి ఆకాశాన్ని చూశాడు.

ఆయన గుడ్డసంచిలో మేము ఎనిమిది ఉలులం. పువ్వులు కోసేది, నెలవంకలు కోసేది, నగల చుక్కలు పొడిచేది, ఇలా మిగతా ఏడింటికీ రోజూ పనే. పొద్దంతా మేకతోలు మీద వాటి చప్పుడు వినపడేది. నా పని బొమ్మకు రంగులు కూడా వేశాక. కన్ను చివరనే పెట్టాలి, అదీ ఇంటి పెద్దే పెట్టాలి. ఆ ఇంటి పద్ధతి అది. ఒక్క దెబ్బ, అంతే. తర్వాత నన్ను తుడిచి సంచిలో వేసేవారు. మళ్లీ పిలుపు ఏ నెలకో, రెండు నెలలకో.

నాకింకో వెలితి కూడా ఉంది. నేను పెట్టిన కన్నును నేనెప్పుడూ చూడలేదు. నోట్లో ఇరుక్కున్న తోలుముక్క ఒక్కటే నాకు తెలుసు. దాన్ని సూదితో తీసి పారేస్తారు. మనుషులేమో బొమ్మకు చేతులు జోడిస్తారు. దాన్ని చేసింది తామేనన్న సంగతి అంత తొందరగా ఎలా మరిచిపోతారో!

వన్నూరప్ప మనవరాలు శివలీల పదహారేళ్ల పిల్ల. మాట తక్కువ. తాత పక్కన కూర్చొని పని నేర్చుకుంది. మొదట్లో అందం పెరుగుతుందని బొమ్మ ఒళ్లంతా సందు లేకుండా చుక్కలు పొడిచేది. ఆడించగానే చేయి చిరిగి వేలాడేది.

"తోలు కొంచెం మిగలనియ్యి పాపా" అనేవాడు తాత. "అంతా తూట్లయితే బొమ్మ యాడ నిలబడుతుంది?"

మెల్లగా ఆమె సుత్తి ఎత్తే ముందు ఆగడం నేర్చుకుంది.

ఈలోగా తాత కళ్లకు పొర కమ్మింది. అవ్వ అంజినమ్మ ఊరుకునే మనిషి కాదు. "కండ్లు కనపడనోడు బొమ్మలకు కండ్లు పెడ్తాడంట!" అనేది.

"నీ మొగమొకటి బాగా కనపడ్తాంది, ఏం జేద్దు" అనేవాడాయన.

ఆంజనేయుని బొమ్మకు కన్ను పెట్టే రోజు వచ్చింది. తాత నన్ను ఆనించినప్పుడే తెలిసింది, కన్ను కోసం గీసిన గీత నా కింద లేదు. దెబ్బ పడింది.

"ఎట్లుంది పాపా?"

శివలీల చూసింది. కన్ను బుగ్గలో పడింది. "బాగుంది తాతా" అంది.

ఆ బొమ్మను బడిలో కిటికీలు మూసి ఆడించారు. "బుగ్గలో కన్ను! బుగ్గలో కన్ను!" అని పిల్లలు పడి పడి నవ్వారు. తెర వెనక పాడుతున్న తాతకు మాటలు వినపడలేదు, నవ్వు ఒక్కటే వినపడింది. "పిల్లోల్లకు బాగా నచ్చింది" అని దారంతా మురిసిపోయాడు. శివలీల బొమ్మల పెట్టె మోస్తూ రెండడుగులు ముందే నడిచింది. నేనున్న సంచి కూడా అందులోనే ఉంది, అంతా విన్నాను.

తర్వాత సీతమ్మ బొమ్మ. గీతల నుంచి రంగుల వరకు అంతా శివలీల ఒక్కతే చేసింది. నెలన్నర పట్టింది. తాత చేయి పడని మొదటి బొమ్మ అది. కన్ను ఒక్కటే మిగిలింది. తోలుకు పడిన రంధ్రం మళ్లీ పూడదు. తాత తోలు మీద తడిమి, గీతకు అంగుళం కింద నన్ను ఆనించాడు. కొయ్యసుత్తి లేచింది.

"తాతా, ఆగు."

"ఏమే?"

"గీత ఆడ లేదు." ఆమె తాత మణికట్టు పట్టుకుంది. "ఆంజనేయునికి గూడా తప్పే పడింది. నేనే చెప్పలా."

బియ్యం ఏరుతున్న అవ్వ చేయి ఆగింది. ఈసారి ఆమె ఎత్తిపొడవలేదు.

సుత్తి మెల్లగా కిందికి దిగింది. "అందుకా పిల్లోల్లు నవ్విండేది" అన్నాడు తాత. నన్ను శివలీల వైపు చాచాడు. "నువ్వు పెట్టు."

"ఇంటి పెద్ద గదా పెట్టాల్సింది?"

"ఆ పెద్దోన్నే చెప్తాండా. పెట్టు."

తోలు కదలకుండా ఆయన పట్టుకున్నాడు. ఆమె నన్ను గీత మీద ఆనించింది. దెబ్బ పడింది.

"ఎట్లుంది?"

ఆమె బొమ్మను కిటికీకి ఎత్తి చాలాసేపు చూసింది. "గీత మీదనే పడింది. బొమ్మ చూపే బాగలేదు తాతా. గీతనే నేను పైకి గీసినా."

తాత నవ్వాడు. "నీ తప్పు నువ్వే చెప్పుకుంటాండావా? అయితే ఇంక పని వచ్చినట్లే."

ఆ తర్వాత ఆయన నన్ను ముట్టుకోలేదు. రెండేళ్లకు పోయాడు. ఇప్పుడు దెబ్బ పడ్డాక అడిగేవాళ్లు ఎవరూ లేరు. శివలీల బొమ్మను కిటికీకి ఎత్తి, "ఎట్లుంది?" అని తానే పైకి అంటుంది. కొంచెం ఆగి జవాబు కూడా తానే చెబుతుంది. చాలాసార్లు ఆ జవాబు "బాగలేదు" అనే వస్తుంది. అప్పుడు లేచి కొత్త తోలు నానబెడుతుంది. నేను ఇంకో నెలన్నర సంచిలో ఉంటాను, బయట మిగతా ఏడింటి చప్పుడు వింటూ.