ఎడమ బ్రేకు

మాన్‌సింగ్ ఇరవై రెండేళ్లు సైన్యంలో పారాచూట్లు మడిచాడు. తెరుచుకోలేదన్న ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు. తెరుచుకోకపోతే ఫిర్యాదు చేయడానికి మనిషే మిగలడు కదా అని వెంకట్రాం ఒకసారి గ్రూపులో రాశాడు. దానికి పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. గ్రూపులో ఉన్నదే పన్నెండు మంది.

ఆ గ్రూపు పేరు ‘గాల్లో దోస్తులు’. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలన్నీ వెతికితే విమానంలోంచి దూకే సరదా ఉన్నవాళ్లు ఇంతమందే తేలారు. వాళ్లలో ఎక్కువమంది దుబాయిలో ఎవరో శిక్షకుడి ఛాతీకి కట్టించుకుని ఒక్కసారి దూకి, కళ్లు మూసుకుని అరిచిన ఆ వీడియోను ఏడాదిపాటు స్టేటస్‌లో పెట్టుకున్నవాళ్లు. సొంతంగా దూకేది ముగ్గురే. నెల్లికుదురు దగ్గరి తండాలో పుట్టి, రిటైరయ్యాక మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మాన్‌సింగ్ ఒకడు. జనగామలో పెట్రోలు బంకు, చిల్పూర్ వైపు ముప్పై ఎకరాలు, ఒకప్పటి ఎంపీటీసీ పదవి ఉన్న వెంకట్రాం రెండోవాడు. భూపాలపల్లి బొగ్గు గని ఆఫీసులో పనిచేసే తనూజ మూడో మనిషి.

వీళ్లు దూకేది ఇక్కడ కాదు. మహారాష్ట్రలో ఒక ప్రైవేటు రన్‌వే మీద రెండు మూడు నెలలకోసారి క్యాంపు పెడతారు. క్యాంపు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కూడా గ్రూపులో ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, తెలుగు చదవగలడు, రాయడు. ఈ నెల క్యాంపు అయ్యాక, తర్వాతి క్యాంపు నుంచి మడిచే పని మొత్తం మాన్‌సింగ్‌దే అని మాట ఇచ్చింది ఆయనే.

గ్రూపులో పొద్దున హెల్మెట్ల గురించి మొదలైన మాట మధ్యాహ్నానికి యూరియా లైన్ల దగ్గరికి, సాయంత్రానికి సర్పంచ్ ఎన్నికల దగ్గరికి చేరేది. ఆ వారం జిల్లాలు తగ్గిస్తారట, కొన్నింటిని మళ్లీ కలిపేస్తారట అని ఎవరో పుకారు పట్టుకొచ్చారు. ఏ జిల్లా ఉండాలి, ఏది పోవాలి అన్నది గాల్లో దోస్తులు తేల్చే పనిలో పడ్డారు.

“మా జనగామ కోసం రోడ్ల మీద కూసున్నం, కేసులు పెట్టిచ్చుకున్నం” అని గురువారం సాయంత్రం నాలుగింటికి రాశాడు వెంకట్రాం. “మీ మానుకోటకు అడగకముందే ఇచ్చిన్రు. గిప్పుడు తీసేస్తె తప్పేంది?”

మహబూబాబాద్‌ను ఈ చుట్టుపక్కల అందరూ మానుకోట అనే అంటారు.

“అన్నా, మానుకోటల రైలు ఆగుతది, మిర్చి అమ్ముడువోతది” అని మాన్‌సింగ్ జవాబు. “జనగామల ఏమున్నది? హైదరాబాద్ బస్సు ఆగితె దిగి చాయ్ తాగుతరు, మళ్ల ఎక్కి పోతరు.”

మాన్‌సింగ్ ఎంత కోపంలో తిట్టినా ముందు ‘అన్నా’ అని పెట్టేవాడు. సైన్యం నేర్పిన క్రమశిక్షణ.

“కొట్లాడున్రి, కొట్లాడున్రి” అని మధ్యలో తనూజ. “మీ ఇద్దరి ఫోన్లకు చార్జింగ్ అయితున్నది మా బొగ్గుతోనే.”

నాలుగుంబావుకి మాన్‌సింగ్‌కు టైపు చేసే ఓపిక పోయింది. యాభై రెండు సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టాడు. దాని చివరి మాటలు ఇవి: “నీ జనగామకు దమ్ముంటె ఆదివారం దూకి సూపెట్టన్నా. మొన్నటి తీరు ఇమానంల కూసొని, రానూ పోనూ టికెట్ కొన్నోని లెక్క వాపసు రాకు.”

గత క్యాంపులో వెంకట్రాం పదివేల అడుగుల దాకా వెళ్లి అదే విమానంలో కిందికి దిగాడు. గాలి బాగాలేదన్నాడు. ఆ బాగాలేని గాలిలోనే తనూజ దూకి, జుట్టు కూడా చెదరకుండా నడుచుకుంటూ వచ్చింది.

ఆ మెసేజ్ విన్న పావుగంటకు అడ్మిన్ హోదాలో వెంకట్రాం గ్రూపును మూసేశాడు. ‘రాజకీయాలు బంద్. ఇక నుంచి ఆకాశం గురించే’ అని ప్రకటించాడు. తనొక్కడే రాయగలిగిన ఆ గ్రూపులో, శనివారం దాకా జనగామ గొప్పతనం మీద మరో తొమ్మిది మెసేజ్‌లు రాశాడు.

క్యాంపు జరిగే ఆదివారం పొద్దున ఎనిమిది నలభైకి, మహబూబాబాద్‌లో తన ఇంట్లో మాన్‌సింగ్ చాయ్ తాగుతున్నాడు. భార్య పుష్ప ఎదురుగా కూర్చుని, ఇంట్లో మాట్లాడుకునే లంబాడీ భాషలో మూడు రోజులుగా అంటున్న మాటే మళ్లీ అంది. పెద్దమనిషిని నలుగురిలో అలా అనవచ్చా, నీ మాట ఒక్కసారి నువ్వే విను, అని.

విన్నాడు. తప్పేమీ కనిపించలేదు. నిజానికి బాగా చెప్పాననిపించింది. అందుకని ఇంకోసారి విన్నాడు. మూడోసారి వింటుంటే తన మాటల వెనక మరో చప్పుడు వినిపించింది.

చర్ర్.

చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోను చెవికి ఆనించాడు.

ఆ గురువారం నాలుగు గంటలకు అతను ఉన్నది నెల్లికుదురు రోడ్డులోని ఫంక్షన్ హాల్లో. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ నున్నటి గచ్చు మీద పారాచూట్లు మడుస్తాడు. ఆ రోజు మడిచింది ఒక్కటే, వెంకట్రాం నీలి రంగు పారాచూట్. ఐదింటికి వెంకట్రాం డ్రైవరు వచ్చి తీసుకుపోయాడు. అంటే వెంకట్రాంతో పోట్లాడుతూ, వెంకట్రాం పారాచూట్‌నే మడిచాడు.

పారాచూట్‌కు రెండు బ్రేకులుంటాయి, కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి. మడిచేటప్పుడు ఒక్కొక్క దాన్ని కిందికి లాగి, పిడిని దాని పట్టీలో దోపాలి. వెంకట్రాంది పాత రకం, చెప్పుల పట్టీలా అంటుకునేది. పట్టీ విప్పగానే చర్ర్‌మంటుంది. మాన్‌సింగ్ ముందు కుడిది పెడతాడు, వెంటనే ఎడమది. చర్ర్, చర్ర్. ఇరవై రెండేళ్లలో ఈ రెండు చప్పుళ్ల మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇవ్వలేదు.

మెసేజ్‌లో పదకొండో సెకను దగ్గర ఒక చర్ర్ ఉంది. ఆ తర్వాత మిర్చి మార్కెట్ గొప్పతనం ఉంది. నలభయ్యో సెకను దగ్గర గుడ్డ గచ్చు మీద పరుచుకున్న మెత్తటి చప్పుడు ఉంది. అంటే అప్పటికే తర్వాతి పనిలోకి వెళ్లిపోయాడు. రెండో చర్ర్ లేదు.

ఇంకో నాలుగుసార్లు విన్నాడు. తన గొంతు తనకే విసుగు పుట్టింది. రెండో చర్ర్ మాత్రం రాలేదు.

ఒక బ్రేకు పెట్టి, ఒకటి వదిలేసిన పారాచూట్ తెరుచుకోగానే ఒక పక్కకు గింగిరాలు కొడుతుంది. దాన్ని తెంచేసి, అత్యవసరానికి వీపు మీదే ఉండే రెండో పారాచూట్ లాగడానికి కొన్ని సెకన్లే ఉంటాయి. గింగిరాలు తిరుగుతూ, తల ఎటుందో తెలియని ఆ స్థితిలో, తెంచే పిడి వెతికి లాగాలి. వెంకట్రాం ముప్పై ఒక్కసార్లు దూకాడు, ఒక్కసారీ ఆ పిడి లాగలేదు. లాగుతాడో లేదో కింద కూర్చుని చెప్పగలిగేవాడు లేడు.

మొదటి విమానం తొమ్మిదిన్నరకు. ఇప్పుడు తొమ్మిది ఐదు.

వెంకట్రాంకు ఫోను చేశాడు. ఆయన కట్ చేశాడు. మళ్లీ చేశాడు. మళ్లీ కట్. మూడోసారి చేస్తే స్విచాఫ్. తనూజకు చేశాడు.

“అన్నా, చెప్పే.”

“వెంకట్రామన్న యాడున్నడు?”

“ఇమానం దగ్గర నిలబడి ఫొటోలు దిగుతున్నడు. మొదటి ట్రిప్పు ఆయనదే.”

“ఫోను ఆయనకియ్యి. జల్ది.”

“మళ్ల జిల్లాల ముచ్చటైతె నేనియ్యనన్నా. రాత్రంత రైల్ల ఇన్న.”

“జిల్లాల ముచ్చట కాదు. పారాచూట్ ముచ్చట.”

తనూజ పరుగెత్తడం వినిపించింది. తర్వాత ఇంజను చప్పుడు, ఆ వెనకే వెంకట్రాం గొంతు.

“ఏందయ్యా మాన్‌సింగ్, పొద్దుగాల్నే?”

“అన్నా, ఆ పారాచూట్‌తోని దూకకు. ఎడమ బ్రేకు పెట్టలేదని అనుమానం.”

“అనుమానమా? మడిచింది ఎవలు?”

“నేనే.”

“మడిచిన కార్డు మీద సంతకం?”

“నాదే.”

“మరి గురువారం లేని అనుమానం, నేను ఎక్కేటప్పుడే ఎట్లొచ్చింది? నేను దిగాలె. నువ్వు ‘సూసిన్రా, జనగామాయన మళ్ల దిగిండు’ అనాలె. నీ తెలివి నాకెర్క లేదనుకున్నవా?”

“ఒట్టన్నా, గట్ల కాదు.”

“జర ఇప్పి సూడన్నా, ఏం పోతది?” అంది పక్కనుంచి తనూజ.

“పరువు పోతది” అన్నాడు వెంకట్రాం ఆమెతో. మళ్లీ ఫోనులోకి వచ్చాడు. “సూడు మాన్‌సింగ్. గ్రూపు తెరుస్త. అందరి ముంగట రాయి. తప్పు నాది అని నీ చేతితోని రాయి. రాస్తె ఇప్పి సూస్త. రాయకుంటె నీది మోసమని ఎక్కుత. గంతే.”

ఫోను పెట్టేశాడు. తొమ్మిది పధ్నాలుగుకు గ్రూపు తెరుచుకుంది.

మాన్‌సింగ్ ఖాళీ గడి వంక చూశాడు. ఇది చదివేది వెంకట్రాం ఒక్కడే కాదు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ చదువుతాడు. తనకిస్తానన్న క్యాంపు పని ఈ గడిలోనే ముగిసిపోతుంది. ఆ తర్వాత తను మడిచినదాన్ని వీపుకు తగిలించుకునేవాడు ఈ మూడు జిల్లాల్లో ఉండడు. రాయకపోతే, బ్రేకు సరిగానే ఉండి ఉంటే, ఏమీ జరగదు. సరిగా లేకపోతే, ముచ్చట కోసం మనిషిని చంపాడంటారు. అనేవాళ్ల సంగతి అటుంచితే, వెంకట్రాం పోతాడు.

‘కొన్ని అనివార్య కారణాల వల్ల’ అని మొదలుపెట్టాడు. చెరిపేశాడు. ‘సాంకేతిక లోపం’ అని రాశాడు. అదీ చెరిపేశాడు. చివరికి ఇలా రాశాడు:

‘గురువారం వెంకట్రామన్న పారాచూట్ మడుస్తూ నేను ఈ గ్రూపులో కొట్లాడుతున్నాను. మడిచేటప్పుడు ధ్యాస పక్కకు పోతే విప్పి మొదటి నుంచి మడవాలి. నేను మడవలేదు. ఎడమ బ్రేకు పెట్టినట్టు లేదు. దానితో ఎవరూ దూకవద్దు. తప్పు నాది. మాన్‌సింగ్.’

పంపించాడు. తొమ్మిది పద్దెనిమిది.

రెండు నీలి గీతలు పడ్డాయి. పుష్ప చల్లారిన చాయ్ తీసుకుపోయి వేడి చేసి తెచ్చింది. అదీ చల్లారింది. తొమ్మిదిన్నర దాటింది. తనూజ ఫోను ఎత్తడం లేదు. విమానం ఎక్కినవాళ్ల ఫోన్లు కిందే పెట్టెలో వేయించుకుంటారని మాన్‌సింగ్‌కు తెలుసు. తనూజది రెండో ట్రిప్పు అని కూడా తెలుసు. అయినా ఎత్తడం లేదు.

తొమ్మిది నలభై ఒకటికి గ్రూపులో ఫొటో వచ్చింది. గడ్డి మీద విప్పి పరిచిన నీలి గుడ్డ. కుడి పిడి పట్టీలో బుద్ధిగా ఉంది. ఎడమ పిడి తాడు చివర వేలాడుతోంది.

మాన్‌సింగ్ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు.

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లీషులో ‘నోటెడ్’ అని ఒక్క ముక్క పెట్టాడు. క్యాంపు పని గురించి ఆయన ఇక ఎప్పుడూ ఎత్తలేదు. తనూజ ‘అన్నా, మంచిగ జెప్పినవ్’ అంది. గంట తర్వాత వెంకట్రాం రాశాడు: ‘అయినా జనగామ జిల్లా ఉండాల్సిందే.’

మాన్‌సింగ్ ఇక ఎవరి పారాచూటూ మడవనని పుష్పకు చెప్పాడు. అడిగేవాడెవడు అని ఆమె అనలేదు.

పన్నెండో రోజున ఫంక్షన్ హాలు ముందు వెంకట్రాం కారు ఆగింది. ఊరికే గచ్చు కడగడానికి వచ్చిన మాన్‌సింగ్ ముందు వెంకట్రాం తన పారాచూట్ బ్యాగు దించాడు.

“మడువు.”

“బంద్ జేసినన్నా.”

“ఎవల్నడిగి బంద్ జేసినవ్? ఆ దినం క్యాంపులనే ఇంకొకాయన మళ్ల మడిచిండు. దూకిన, మంచిగనే దిగిన. కాని తప్పు జేస్తె గాయన నాకు ఫోను జేస్తడా? నా పేరు గూడ తెల్వదు గాయనకు.” వెంకట్రాం చెయ్యి చాపాడు. “ఫోను ఇటు తే.”

మాన్‌సింగ్ ఫోను వెంకట్రాం చొక్కా జేబులోకి పోయింది. వెంకట్రాం ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, జనగామ జిల్లా ఎందుకు ఉండాలో మొదటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో అడ్డు వచ్చేవాడు లేకపోవడంతో మాట బాగా సాగింది. మొదటి పాయింటు, రెండో పాయింటు, మూడోది. మాన్‌సింగ్ తల ఎత్తలేదు. తాళ్లు సరిచూశాడు. కుడి బ్రేకు, ఎడమ బ్రేకు. చర్ర్, చర్ర్. గుడ్డ మడిచాడు, సంచిలోకి ఎక్కించాడు, మోకాలితో అదిమి పిన్ను దూర్చాడు. ముప్పై ఐదు నిమిషాలు. కార్డు తీసి పెన్ను మూత విప్పాడు.

“నీ మూడో మాట తప్పన్నా” అన్నాడు. “మానుకోట నుంచి వరంగల్ పోవాలంటె బస్సే దిక్కన్నవ్. రైలు లేదా?”

వెంకట్రాం ముఖం వెలిగిపోయింది. “అంటె ఇన్నవన్నట్టు! గింతసేపు గోడకు జెప్తున్ననేమో అనుకున్న.”

మాన్‌సింగ్ కార్డు వంక చూశాడు. పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. వంగి పిన్ను లాగాడు. నీలి గుడ్డ గచ్చు మీదికి జారి పరుచుకుంది.

“ఏమైందయ్యా?”

“ఇన్ననన్నా” అన్నాడు మాన్‌సింగ్, మళ్లీ మొదటి తాడు దగ్గర కూర్చుంటూ.

వెంకట్రాం నాలుగో పాయింటుకు నోరు తెరిచాడు. గచ్చు మీది గుడ్డను చూసి మూసుకున్నాడు. కాసేపటికి లేచి, కుర్చీ ఎత్తుకుని బయట వరండాలోకి పోయి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.