మెట్ల దగ్గర ఆగిన పిలుపు

నేను నోరు తెరవకపోవడం వల్ల ఇంకో ప్రాణం పోతుందేమో. నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇదే. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది వాంకూవర్‌కి నాలుగు గంటల దూరంలో, చెట్టన్నది లేని కొండల మధ్య చిన్న ఊరు. వేసవిలో నలభై డిగ్రీల ఎండ. గూడ్సు బండి వెళ్తే పది నిమిషాల దాకా దుమ్ము అణగదు. మా ఆయన జయదేవ్ ఇక్కడ పోలీసు. చిన్నప్పుడే అమ్మానాన్నలతో, ఇక్కడికి విమానంలో నాలుగైదు గంటల దూరమున్న స్కార్‌బరోకి వచ్చి అక్కడే పెరిగారు. మాకు పధ్నాలుగు నెలల పాప, ఇషిత.

లోహిత్‌ది జగిత్యాల వైపు. కాలేజీ అయ్యాక, శాశ్వతంగా ఈ దేశంలో ఉండనిచ్చే పీఆర్ కోసం ఈ ఊళ్ళో గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోలు బంకులో, పనికి చేరాడు. స్కార్‌బరోలో చదువుకుంటున్న చెల్లెలు వర్ష తప్ప అతనికి నా అనేవాళ్ళు లేరు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. "అక్కా, అన్న పోలీసే గాని తెలుగుల ఒక్క తిట్టు సక్కగ రాదు. నేనే ట్యూషన్ చెప్పాలె" అని జయదేవ్ ముందే ఏడిపించేవాడు.

మార్చిలో ఎవడో ముసుగువాడు అక్కడికి దొంగతనానికి వచ్చి, వెనక నుంచి లోహిత్ మెడకి తుపాకీ ఆనించాడు. ఆ తర్వాత అతను నవ్వడం మానేశాడు. వీపుకి గోడ ఆనితే తప్ప కూర్చునేవాడు కాదు.

మేలో ఒక ఆదివారం మా వంటింట్లో లోహిత్ ఉల్లిపాయలు తరుగుతుంటే వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. గిరుక్కున తిరిగాడు. కత్తి నా గొంతుకి జానెడు దూరంలో ఆగింది. నేనెవరో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చాడు.

"అన్నకు చెప్పకక్కా. ఫైల్ల పడితే పీఆర్ పోతది."

చెప్పలేదు. పీఆర్ వచ్చాక డాక్టరుకి చూపించవచ్చులే అనుకున్నాను.

జులైలో గ్యాస్ స్టేషన్ ఓనరు సరదాగా వెనక నుంచి వచ్చి లోహిత్ భుజాల మీద చేతులు వేశాడట. కౌంటర్ కింద ఆయనే దాచుకున్న తుపాకీ లోహిత్ చేతికి అందింది. ఆ ముసలాయన అక్కడికక్కడే పోయాడు. లోహిత్ ఆ తుపాకీతోనే కొండల్లోకి పారిపోయాడు.

మూడోరోజు మధ్యాహ్నం, పాడుబడ్డ పశువుల కొట్టం దగ్గర అతను కనిపించాడని కబురు వచ్చింది. మిగతా పోలీసులు దారులు కాస్తామన్నారు. కొట్టం దాకా తానొక్కడే వెళ్తానని జయదేవ్ పట్టుబట్టి ఒప్పించారు.

"నీ చేతి అన్నం తిన్నవాడు. తెలుగులో పిలిస్తే వచ్చేస్తాడు, ఐ నో హిమ్" అంటూ బూట్ల లేసులు కట్టుకున్నారు.

కత్తి సంగతి చెప్పాలని మూడు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్ళు దాచావా అంటారని భయం. 'పిలిస్తే' అన్న మాట వినగానే నా గొంతు ముందు ఆగిన కత్తి గుర్తొచ్చింది. నోరు పెగిలేలోపు ఆయన మెట్లు దిగిపోయారు.

బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మా నాన్న క్యారేజీ మర్చిపోయాడని ఒకసారి పిలిచాను. ఆ రోజే ఆయన్ని లారీ గుద్దింది. నా ఇంటర్ చదువు అక్కడే ఆగిపోయింది. పిచ్చి నమ్మకమని మీరనొచ్చు. నాలుక చివరికొచ్చిన పిలుపుని మింగేశాను. కారెక్కాక ఫోన్‌లో చెబుదాం అనుకున్నాను.

మొదటిసారి ఎత్తలేదు. తర్వాత సిగ్నల్ లేదు. పోలీసు స్టేషన్‌కి చేస్తే రేడియోలో చెబుతామన్నారు. ఆ కొట్టమున్న లోయలోకి రేడియో కూడా అందలేదు. పాపని చంకనేసుకుని కిటికీకీ గుమ్మానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

సాయంత్రం ఆసుపత్రిలో జయదేవ్ గోడకేసి చూస్తూ చెప్పారు. లోహిత్ కొట్టం గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉన్నాడట. బెదరకూడదని ఈయన తుపాకీ తియ్యకుండా మెల్లగా వెనక నుంచి నడిచి, పేరు పెట్టి పిలిచారు. లోహిత్ తిరుగుతూనే కాల్చాడు. ఈయన ఎడమ భుజానికి తగిలింది. కుడి చెయ్యి తుపాకీ తీసి, తనకు నేర్పిన పని తను చేసేసింది.

"పడిపోయాక నన్ను చూసి, 'అన్నా, నువ్వా' అన్నాడు. అంతే."

వర్షకి ఫోన్ చేసింది నేనే. అంతా విని ఒక్కటే అడిగింది.

"అన్న గట్లయిండని నీకు ముందే ఎర్కనా అక్కా?"

కత్తి సంగతి చెప్పాను.

"నాకు ఎర్కే. నేను గూడ ఎవ్వరికి చెప్పలే" అని పెట్టేసింది.

అప్పటినుంచి నాలుగు రోజులుగా ఫోన్ స్విచాఫ్. పని చేసే కాఫీ షాపుకి కూడా రావడం లేదట. పోలీసుల్ని పంపిద్దామంటే, అన్నని చంపిన పోలీసు బట్టలే గుమ్మం ముందు నిలబడితే ఆ పిల్ల ఏమైపోతుందో. అక్కడుండే మా అత్తమామలు ఈ నెల ఇండియా వెళ్ళారు. పాపని, కట్టుతో ఉన్న మనిషిని వదిలి నేను కదలలేను.

స్కార్‌బరోలో ఉన్న అన్నలూ, అక్కలూ, ఆంటీలూ, మీలో ఎవరైనా ఈ రోజే వెళ్ళండి. మార్కమ్ రోడ్డు మీద ఇండియన్ కిరాణా కొట్టు వెనక తెల్ల ఇల్లు. పిల్ల ఉండేది బేస్‌మెంట్‌లో, దానికి పక్కనుంచి దారి. పిల్ల పేరు వర్ష. పలక్కపోయినా వెనక్కి రావద్దు. తలుపు తీసేదాకా అక్కడే ఉండండి.