బ్లీచింగ్ పౌడర్ స్వాగతం

“ఏం పరీక్ష చేస్తున్నవ్ బిడ్డా” అని మా కాలేజీలో ఊడ్చే పోశవ్వ అడిగితే, ఇఖ్రా “హైడ్రోజన్” అంది. పోశవ్వకు అది “ఐదు రోజులు” అని వినిపించింది. ఐదు రోజులే కదా అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఓర్చుకుంది. ఆరోనాడు నా గదికొచ్చి నిలదీసింది.

“సారూ, గా పిల్ల ఐదు రోజులన్నది. ఇయ్యాల ఆరు. వెనక షెడ్డుల కంపు అట్లనే ఉన్నది.”

“నలభై రోజులు పోశవ్వా.”

“గప్పటిదాంక నా ముక్కే ఉండది సారూ.”

కంపు మాట అబద్ధం కాదు. కరీంనగర్ చుట్టూ ఉన్న బాయిల్డ్ రైస్ మిల్లులు వడ్లు నానబెట్టి పారబోసే నీళ్లు మూడోనాటికి చచ్చిన ఎలుకను ఓడిస్తాయి. ఆ నీళ్లను డ్రమ్ములో గాలి చొరకుండా బిగించి, లోపలి క్రిముల చేత హైడ్రోజన్ తీయించడమే ఇఖ్రా థీసిస్. నేను ఆమె గైడును. కంపులో కంపెనీ ఇవ్వడం నా ఉద్యోగం.

నార్వేలోని ఒక విశ్వవిద్యాలయం మా కాలేజీకి ఒక్క సీటు ఇచ్చింది. నలభై రోజుల రీడింగులు తెగకుండా చూపిస్తే ఆర్నెల్లు అక్కడి ల్యాబులో పని. ఆ సీటు కోసం ఇఖ్రా ఆదిలాబాద్‌లోని ఇంటికి రంజాన్ పండుగకు కూడా పోలేదు. రోజూ పొద్దున ఆరింటికి షెడ్డులో ఉండేది. డ్రమ్ము నుంచి వచ్చే గొట్టంలో గ్యాస్ బుడగలు లెక్కబెట్టి రాసుకునేది.

ముప్పై ఎనిమిదో రోజున ప్రొఫెసర్ మారిట్ నార్వే నుంచి స్వయంగా చూడటానికి వచ్చారు. మన దగ్గర పెద్ద మనిషి వస్తున్నారంటే దారికి సున్నం గీతలు పడతాయి, బ్లీచింగ్ పౌడర్ కురుస్తుంది. కలెక్టర్ వచ్చినా కలరా వచ్చినా చల్లేది అదే.

“మేడం ముక్కుకు ఏ వాసనా తగలద్దు” అని ప్రిన్సిపాల్ హెడ్ అటెండర్ సదానందానికి చెప్పారు. సదానందం మాట జవదాటని మనిషి. ఇఖ్రాను ఆరింటి రీడింగ్ కాగానే పట్టుకుపోయి, పూలపళ్లెం చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టారు.

శాలువాలు కప్పారు. ప్రిన్సిపాల్ హైడ్రోజన్ మీద ముప్పావుగంట మాట్లాడారు. ఆ రోజు మా కాలేజీలో తయారైన గ్యాసంతా వేదిక మీదే తయారైంది.

చివరికి అందరం షెడ్డుకు వెళ్లాం. కంపు లేదు. గొట్టంలో బుడగ లేదు. మారిట్ వంగి చూస్తూ ఐదు నిమిషాలు ఆగారు. ఇఖ్రా మూత విప్పింది. లోపల తెల్లటి నురగ.

“పొద్దున్నే రెండు డబ్బాల బ్లీచింగ్ పోసి కట్టెతోని మంచిగ కలిపిన మేడం” అన్నాడు సదానందం చేతులు కట్టుకుని. “ఇగ ముక్కు పెట్టినా వాసన రాదు.”

ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టారు. వెనకున్నవాళ్లూ కొట్టారు. రాత్రింబవళ్లు పెంచిన థీసిస్‌ను రెండు డబ్బాలతో తీసేసి, తీసేసినందుకు మళ్లీ చప్పట్లు.

“చప్పట్లు జర ఆపుండ్రి” అంది ఇఖ్రా. గొంతు పెంచలేదు. “సార్, గా కంపు మురికి కాదు. లోపల క్రిములు బతికున్నయని గుర్తు. గవే నీళ్లల్ల పిండిని తిని గ్యాస్ ఇడుస్తయి. బ్లీచింగ్ పోస్తే గవి సచ్చిపోతయి. వాసన రావద్దని మీరన్నరు. గవి సావకుంటె వాసనెట్ల పోతది. సదానందం అన్నను ఏమనకుండ్రి.”

అదే మాట మారిట్‌కు ఇంగ్లీషులో చెప్పింది. మళ్లీ మొదలుపెడితే నలభై రోజులు కావాలనీ, సీటు గడువు ఈ నెలాఖరుకే ముగుస్తుందనీ మారిట్ మెల్లగా అన్నారు. నేను ప్రిన్సిపాల్‌కు తెలుగులో చెప్పాను.

సదానందం కట్టుకున్న చేతులు విప్పాడు. “నాకు ఒక్కలన్న చెప్పకపోతిరి” అన్నాడు.

ప్రిన్సిపాల్ నా చెవి దగ్గరికొచ్చారు. “మరి పేపరోళ్లకు ఏం చెప్దాం?”

అది ఇఖ్రాకు వినిపించింది. “గిదే చెప్తా సార్” అని కెమెరా పట్టుకున్న విలేకరిని డ్రమ్ము దగ్గరికి పిలిచి, కంపు ఏమిటో, క్రిములు ఏమిటో, బ్లీచింగ్ ఏం చేసిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.