సోదాకు నిలిచిన రామచంద్రుడు

హేమంతము ముదిరి మంచు దట్టముగా గ్రమ్మి ప్రాగ్దిశాముఖమున నుదయించిన సూర్యబింబము సయితము కాంతి యుడిగి తోమని కంచుపళ్లెమువలె వెలవెలబోవుచుండ వృక్షములును దీపస్తంభములును సౌధశిఖరములును తమ తమ యాకారముల గోల్పోయి నీడలుగా మాత్రము మిగిలిన యొక మార్గశీర్ష ప్రభాతమున దక్షిణాపథమందలి యొక మహానగరపు విమానాశ్రయ ద్వారముకడ దంపతు లిరువురు తగరపు పెట్టె నొకదానిని నడుమ నుంచుకొని నిలిచియుండిరి. మంచుతెరకు వెనుక కానరాని విమానములు గర్జించుచుండెను. ఆ గర్జన విన్నప్పుడెల్ల ఆ యిల్లాలు పెట్టెపై చేయి వేయుచుండెను.

ఆ పురుషుని పేరు శిందే భీమోజీరావు. ధర్మవర ప్రాంతమున తరతరములుగా తోలుబొమ్మలాట నాడించు వంశమున జనించి దీపమునకును తెరకును నడుమ బొమ్మను నిలిపి దాని నీడచేతనే వేలాది జనుల నేడిపింపను నవ్వింపను నేర్చినవాడు. అతని భార్య సక్కుబాయి ఆ బొమ్మలకు గొంతు. సీతకు నామెయే మండోదరికి నామెయే. సముద్రముల కావల నొక చలిదేశమున జరుగు బొమ్మలాటల యుత్సవమునకు పిలుపు రాగా వారు జన్మమందు మొదటిసారి విమాన మెక్కబోవుచుండిరి.

వారి వంశమున నొక కట్టుబాటు కలదు. రాముని బొమ్మయు రావణుని బొమ్మయు నొక్క పెట్టెలో నుండరాదు. అయిన నేమి! చేతి పెట్టె యొక్కటియే తేవలెనని విమానమువారి శాసనము. ఆ శాసనము చేసిన మహానుభావులకు రామరావణుల తగవుతో పనియేమి? పది తలల రావణుని క్రిందను కీళ్లకడ మడిచిన నిలువెత్తు రామచంద్రుని పైనను పరుండబెట్టి నడుమ సక్కుబాయి పసుపుబట్ట యొకటి పఱచినది.

"ఇద్దర్నీ ఒక పెట్టెలో పెట్టినాము. నాకెందుకో మనసు బాగలేదయ్యా" అని యామె యనెను.

"నడాన గుడ్డ ఏసినాం గదా! అన్నిటికీ అట్ల బయపడితే యెట్ల సక్కూ?" అని భీమోజీ గదిమెను. గదిమెనే కాని వాని గుండెయు కుదుట లేదు.

ఆ రాముని గూర్చి చదువరులకు మఱియొక రహస్యము చెప్పవలసియున్నది. ఆట మొదలుపెట్టునప్పుడు భీమోజీ దీపమునకు మ్రొక్కి రాముని తెరపై నిలిపి "ఈ సామి జింకతోలు సామి, కండ్లకద్దుకోండి" అని బిగ్గఱగా పలుకును. దేవతల బొమ్మలకు జింకతోలును రాక్షసులకు దున్నతోలును తక్కినవారికి మేకతోలును వాడుట వారి పూర్వుల మర్యాద. జింకతోలను మాట చెవిని పడినంతనే ముసలివారు సయితము లేచి నిలుచుచుండిరి. కాని యది యబద్ధమని భీమోజీకి తెలియును. అటవీశాఖవారు జింకతోలు నిషేధమని వారి యూర నిల్లిల్లు సోదా చేసిన యేడు అతని తండ్రి తుకోజీ కొడుకును చాటునకు పిలిచి "పాత బొమ్మ చినిగిపోతే ఏటిలో కలిపినానురా. ఇది నేను మేకతోలుతో చేసింది. ఆటలో మాత్రం జింకతోలనే చెప్పు, జనాల బక్తి చెడగూడదు. సర్కారోల్లు అడిగితే నిజం చెప్పేయ్" అని యానతిచ్చెను. నాటినుండి నలువది యేండ్లు భీమోజీ ఆ నిజమును గడుపులో దాచుకొని ప్రతి యాటకును అబద్ధమును పలుకుచు వచ్చెను. ఆట ముగిసిన పిదప ప్రతిసారియు రాముని పాదములు తాకి లోలోన క్షమాపణ చెప్పుకొనుచుండెను. ఈ సంగతి భార్య కొక్కతెకే తెలియును.

మొదటి సోదా స్వదేశమందే జరిగెను. సక్కుబాయిని తెరచాటునకు గొనిపోయి యొక యువతి గాజులను పుస్తెలను తడవి పంపెను. భీమోజీ మేనికి కఱ్ఱవంటి యంత్రము తాకింపగా నడుముకడ కీచుమనెను. వెండి మొలత్రాడని తెలిసి కావలివారు నవ్విరి. అచట తోపులాట యున్నది అఱపు లున్నవి విసుగు లున్నవి. అయినను మనుజుడు మనుజుని ముట్టి చూచుచున్నాడు. పెట్టె తెఱపించిన యధికారి నెల్లూరి సీమవాడు.

"ఏంది పెద్దాయనా ఇయ్యి? బొమ్మలా?"

"తోలుబొమ్మలు సామీ. ఈయన రామసంద్రుడు."

ఇంతటితో నూరకున్న నీ కథయే లేకపోవును. అధికారి కన్నులలో మెఱసిన యాసక్తిని గాంచినంతనే నలువది యేండ్ల యలవాటు నాలుకపైకి దుమికెను. "జింకతోలు సామి!" అనియె భీమోజీ. అధికారి టోపీ తీసి చేతులు జోడించి బొమ్మపాదములు కండ్లకద్దుకొనెను. పిమ్మట చుట్టును జూచి గొంతు తగ్గించి "ఈడన్నావు సరే. ఇంకో చోట మాత్రం ఈ మాట అనబాక" అని హెచ్చరించెను. భీమోజీకి మ్రొక్కు కనబడినది గాని హెచ్చరిక వినబడలేదు. ఛాతి పొంగించుకొని విమానమెక్కెను.

రెండవ సోదా నడుమ దిగవలసిన యెడారి రాజ్యమున జరిగెను. ఆహా యేమి సంపద! పాలఱాతి నేలలును బంగారు దీపవృక్షములును కృత్రిమ జలపాతములును గల యా మందిరమున కావలివారి నోట నొక్క పలుకు లేదు. వ్రేలు చూపిన చెప్పులు విడువవలెను. వ్రేలు చూపిన నడికట్టు విప్పవలెను. వ్రేలు మొలత్రాటివైపు చూపగా భీమోజీకి ముచ్చెమటలు పోసెను. పుట్టిన నాటినుండి నడుమును వీడని యా త్రాటిని స్తంభము చాటున విప్పి పళ్లెములో నుంచి నిలువబడిన యా మనుజుడు నిండు సభలో దిసమొలతో నిలిచినట్లు సిగ్గుపడెను.

పెట్టె యంత్రగుహ లోనికి బోయెను. దాని లోపలి వస్తువుల నీడలు పక్కనున్న చిన్న తెరపై గానవచ్చెను. భీమోజీ మెడ సాచి చూచెను. సక్కుబాయి పఱచిన పసుపుబట్ట యా తెరపై లేనే లేదు! రాముని మేనిలోనుండి రావణుని పది తలలు మొలచినట్లు రెండు నీడలు నొకటియై పెనవైచుకొని యుండెను. కావలివాడు చాలసేపు దానినే చూచుచు కూర్చుండి తుదకు పొమ్మని వ్రేలు చూపెను.

"ఈడా నీడలాటే సక్కూ" అని నడచుచు భీమోజీ గొణిగెను. "తెర ముందర వాడు కూసున్నాడు. యెనకాల మనమున్నాము. ఆడించేది ఎవరో తెల్దు."

"ఆ గుడ్డ ఏమైందయ్యా?" అని యామె యడిగెను. భీమోజీ పెట్టె నెత్తుకొని ముందునకు నడచెను.

మూడవ సోదా చలిదేశమున జరిగెను. అచట గాజుగోడల కావల నేలయు నింగియు నేకవర్ణమై మంచు నిశ్శబ్దముగా గురియుచుండెను. తోపులాట లేదు. వ్రేలు చూపుటయు లేదు. గాజుగదిలో చేతులెత్తి నిలిచిన చాలు ఎవ్వరును మేను ముట్టలేదు. ప్రతివాడును చిరునవ్వు నవ్వెను. ప్రతివాడును తల వంచెను. దంపతులకు కుర్చీలు వేసిరి. వేడినీళ్లిచ్చిరి. మొదటి దేశమున కసురుకొన్నప్పుడును రెండవ దేశమున మొలత్రాడు విప్పించినప్పుడును కలుగని వణకు ఆ మర్యాదను జూచి సక్కుబాయికి గలిగెను. నీలపు చేతితొడుగులు తొడిగిన యొక యధికారిణి రాముని మెల్లగా నెత్తి తెల్లని బల్లపై దీపము క్రింద పరుండబెట్టెను. రావణుని జోలికి పోలేదు.

బల్లపై టెలిఫోన్ యంత్రమొకటి యుండెను. దానినుండి తేటయైన తెలుగులో నొక స్త్రీకంఠము పలికెను.

"నమస్కారమండీ. వాళ్ళ మాట మీకూ మీ మాట వాళ్ళకీ చెప్పడమే నా పని. సలహా చెప్పడానికి నాకు వీల్లేదండీ. ఈ బొమ్మ ఏ జంతువు తోలుతో చేశారని అడుగుతున్నారు."

సక్కుబాయి మగని మోచేయి గట్టిగా నొక్కెను. తండ్రి చెప్పిన సర్కారువారు వీరే. నిజము చెప్పవలసిన వేళ యిదియే. కాని దీపము వెలుగుచున్నది. దీపము ముందర రాముడు కన్నులు విచ్చి తన్నే చూచుచున్నాడు. దీపమును రాముడు నెదుటనుండగా మేకతోలని పలుకుట కా నాలుక యేనాడును తిరిగి యెఱుగదు. పైపెచ్చు మొదటి యధికారి పెట్టిన మ్రొక్కు మనసున మెదలుచుండెను. ఈమెయు మ్రొక్కునేమో!

"జింకతోలు తల్లీ" అనియె భీమోజీ.

కంఠము ఆ మాటను వారి భాషలో చెప్పెను. అధికారిణి చిరునవ్వు మాయలేదు. టపటపమని మీటలు నొక్కి యేదియో వ్రాసికొనెను.

"అనుమతి పత్రం లేకుండా జింకతోలు తేకూడదటండీ. బొమ్మని తీసుకుని కాల్చేస్తామంటున్నారు" అని కంఠము పలికెను.

భీమోజీ బల్లకడకు దుమికెను. "అబద్దం తల్లీ! నా నోరు కాల! అది మేకతోలు. మా నాయన చేత్తో చేసింది. ఆటలో అట్ల చెప్పేది మాకు వాడిక. మా నాయన గుర్తుకు నాకు అదొక్కటే ఉండేది. కాల్చొద్దని చెప్పమ్మా, కాల్మొక్కుతా!" అని యంత్రమునకే చేతులు జోడించెను.

అక్కటా! నలువది యేండ్లు దాచిన మాట పరదేశమున ముక్కుమొగ మెఱుగని యంత్రము నెదుట బయటబడినది. మొదటనే యా మాట యనియుండిన వారు నవ్వి పెట్టె మూసియుందురేమో యెవ రెఱుగుదురు!

కంఠము మరల మెల్లగా పలికెను. "ముందు చెప్పింది రాసేసుకున్నారండీ. ఇప్పుడు చెప్పింది నిజమైతే కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. అంచున గోరంత ముక్క కోసి పరీక్ష చేస్తారు. మేకని తేలితే బొమ్మ మీకిచ్చేస్తారు. జింకని తేలితే బొమ్మ కాల్చేసి, తెలిసీ అబద్ధం చెప్పారని మిమ్మల్ని ఇక్కణ్ణుంచే వెనక్కి పంపేస్తారు. సంతకం పెట్టకపోతే బొమ్మ ఒక్కటే పోతుంది, మీరు ఉత్సవానికి వెళ్ళచ్చు."

"పెడతా తల్లీ. మా నాయన మాట మీద పెడతా" అని భీమోజీ యొక్క క్షణమైన నాలోచింపక సంతకము చేసెను. తన జీవితమున సర్కారు నెదుట తా నాడిన పరమసత్యమిదియే యని యతని నమ్మకము.

కత్తెర చప్పుడయ్యెను. రాముని పాదపీఠమున నొక తునుక తెగెను. సక్కుబాయి కన్నులు మూసికొనెను.

వారు ప్రొద్దుట కూర్చున్నవారు అపరాహ్ణమువఱకు నా కుర్చీలయందే కూర్చుండిరి. గాజుగోడ కావల మంచు కురియుచునే యుండెను. రెండు మారులు వేడినీళ్లు తెచ్చి యిచ్చిరి. వారు ముట్టలేదు. తుదకు అధికారిణి యొక కాగితముతో వచ్చి మునుపటివలెనే తల వంచి కూర్చుండెను. టెలిఫోన్ కంఠము తడబడెను.

"అయ్యా... అది జింకతోలేనటండీ."

భీమోజీ బల్లపైనున్న రాముని తేఱిపాఱ చూచెను. ఆ తోలు పలుచదనమును ఆ రంగుల లోతును చిన్నతనమునుండి చేత నెత్తిన యా తేలికయు నప్పుడు తొలిసారి చూచినట్లు చూచెను. మేకతోలని విన్న నాటినుండి యా చేతులు దానిని మేకతోలుగనే యెఱిగినవి.

మొదట గ్రహించినది సక్కుబాయి. "మీ నాయన ఆ మాట ఎప్పుడు చెప్పినాడు నీకు?" అని యడిగెను.

"అటవీశాఖోల్లు ఊర్లోకి వచ్చిన యేడు."

"అదే మరి! సర్కారోల్ల ముందర నీ నోట అబద్దం రాదని ఆయనకు తెల్సు. నువ్వు నమ్మి చెప్పాలని నీకే అబద్దం చెప్పినాడు. నిన్ను జైలుకు పోనియ్యకుండా చెప్పినాడయ్యా!" అని యామె భోరున నేడ్చెను.

భీమోజీ మొగమున నొక వింత వెలుగు పొడసూపెను. "అయితే సక్కూ, నలభై యేండ్లు నేను జనాలకు చెప్పింది నిజమే! ఒక్క ఆటలో గూడా అబద్దమాడలేదు!" అని భార్య చేయి పట్టుకొనెను. ఆ సంతోషము రెండు నిమిషములైన నిలువలేదు. నీలపు చేతితొడుగులు రాముని నెత్తి తలుపు తెఱచి కొనిపోయెను. తలుపు చప్పుడు లేకుండ మూతపడెను. నలువది యేండ్లు తా నబద్ధమనుకొన్నది సత్యమై యొక్కమారు సత్యమని చేవ్రాలు చేసినది యసత్యమై తండ్రి ప్రేమయే తండ్రి కాపాడిన బొమ్మను దహించిన యా వేళ తన్ను క్షమింపుమని వేడుటకు రాముని పాదములైన వాని యెదుట లేవు.

ఆట ఆడకయే వారిని వెనుకకు పంపిరి. పంపునప్పుడును అందఱును మర్యాదగానే తల వంచిరి. ఎడారి రాజ్యమున మరల వ్రేళ్లు చూపిరి. భీమోజీ మాఱుమాట లేక మొలత్రాడు విప్పి పళ్లెమున నుంచెను. ఈ మారు సిగ్గుపడలేదు. తిరిగి కట్టుకొనుటయు మఱచి త్రాటిని జేబులో వేసికొని నడచెను.

స్వదేశమున విమానము దిగునప్పటికి మఱల ప్రభాతమే. మఱల మంచే. బయటికి పోవు ద్వారముకడ పెట్టెలను యంత్రమునకు బెట్టుచుండిరి. ఆనాడచట కావలియున్నది ఆ నెల్లూరి సీమ యధికారియే. తగరపు పెట్టెను జూచినంతనే గుర్తుపట్టి యతడు మొగము వికసింప ముందుగనే టోపీ తీసి చంక నుంచుకొని మ్రొక్కుటకు సిద్ధపడి చిన్న తెర వంక చూచెను. తెరపై పది తలలు వరుసగా కానవచ్చెను. అతడు వంగి మఱల చూచెను. పది తలలే యుండెను.

"పెద్దాయనా, రాముడేడి?" అని యడిగెను.

భీమోజీ పెట్టెను అధికారివైపు జరిపెను. సక్కుబాయి పెట్టె తెఱచి రావణుని పైనున్న పసుపుబట్టను తీసి నాలుగు మడతలుగా మడిచి కొంగున ముడివేసికొనెను. అధికారి టోపీని మరల పెట్టుకొనలేదు. వెనుకనున్న ప్రయాణికులు ముందునకు జరుగుడని కేకలు వేయుచుండిరి.