పదిహేనో వరస నుంచి

రెండో మెమో కూడా మొదటిదాని లాగే ఉంది. "ప్రయాణికులు 131. చెత్త సంచులు 2. పట్టిన సమయం 11 నిమిషాలు. వెనక వరసలు శుభ్రం చేయకుండా వదిలేసినట్టు అనుమానం. సంజాయిషీ ఇవ్వాలి." మూడో మెమో వస్తే పని పోతుంది. ఆ మాట నియామక పత్రంలోనే ఉంది.

రెండు మెమోలూ పెద్దక్కకే వచ్చాయి. విమానం దిగాక లోపల శుభ్రం చేసే ఆరుగురు ఆడవాళ్ళకు ఆమె పెద్ద. వయసును బట్టి కాదు, పన్నెండేళ్ళ సర్వీసును బట్టి అలా పిలుస్తారు.

"మేం వదిలేశామా సార్?" అని సూపర్‌వైజర్‌ని అడిగింది.

"నన్నడిగితే ఎలా? పాతిక మందికి ఒక సంచి లెక్క. నూట ముప్పై మందికి ఐదు రావాలి. రెండిచ్చారు. మిగతా మూడూ మింగేశారా?"

"వెనక ఎవరూ కూర్చోలేదు. చెత్త ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"ఎక్కిన ఊళ్ళో గేటు దగ్గర మిషన్ నూట ముప్పై ఒకటి అంది. దానికేమన్నా నీ మీద పగా?"

"మిషన్ చీపురు పట్టేది ఉందా సార్? ఎంతైనా అంటుంది" అంది వెనక నుంచి ఒకామె. ఆమె నోరు మూతపడదు, అందుకే అందరూ రేడియో అంటారు.

సూపర్‌వైజర్ నవ్వలేదు. సోమవారం పదకొండు గంటలకు ఎయిర్‌పోర్టు ఆఫీసులో ఆడిట్ మేడమ్ ముందు హాజరు కావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దక్కకు మొదట తన వాళ్ళ మీదే అనుమానం వచ్చింది. అందుకే గురువారం వెనక సగం తనే చేసింది. ఆ విమానం పొద్దున తొమ్మిది పదికి దిగుతుంది. తొమ్మిది యాభైకి బయల్దేరి, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి తిరిగొస్తుంది. శుభ్రం చేసిన సీటు మీద బెల్టు కొసలు రెండూ అడ్డంగా వేయాలి, ఎడమది పైన, కుడిది కింద. కూర్చుని లేచినవాడెవడూ బెల్టును అలా సర్ది పోడు.

మధ్యాహ్నం విమానం తిరిగొచ్చింది. పద్నాలుగో వరస దాకా బెల్టులు వేలాడుతున్నాయి. పదిహేను నుంచి ముప్పై దాకా, తొంభై ఆరు సీట్ల మీద, ఆమె వేసినవి వేసినట్టే ఉన్నాయి. వచ్చేటప్పుడే కాదు, ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు కూడా అక్కడ ఎవరూ కూర్చోలేదు.

ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళ బోర్డింగ్ పాసులు గేటు దగ్గర మిషన్ మీద పెట్టేది ఆమె మరిది. భర్తకు ఒక్కడే తమ్ముడు. వీళ్ళింట్లోనే ఉంటాడు.

సాయంత్రం అతను అన్నానికి కూర్చున్నాక అడిగింది. "తొమ్మిది యాభై విమానానికి ఎంతమందిని ఎక్కించావయ్యా ఇవాళ?"

"చూడాలి వదినా."

"గేటు దగ్గరున్నది నువ్వేగా."

"నూట ముప్పై నాలుగు."

"చూడాలన్నావు. కంచంలో కనిపించిందా?"

అతను కూర కలుపుకున్నాడు.

"పద్నాలుగు వరసలే నిండాయి. ఎనభై నాలుగు సీట్లు. మిగతా యాభై మందీ నిలబడి పోయారా?"

"నీకు కావాల్సింది చెత్తేగా? హాల్లో డబ్బాల నిండా ఉంటుంది. రోజూ మూడు సంచులు నేను పంపిస్తాను."

"నేనడిగింది మనుషుల్ని."

మరిది లేచి కిటికీ మూసి వచ్చి కూర్చున్నాడు. "కంపెనీ తన టిక్కెట్లు తనే కొంటుంది. ఊరూ పేరూ లేని యాభై మంది. వాళ్ళ పాసులు నేను పెడతాను. ఏడాదంతా వందకి డెబ్బై సీట్లు నిండితే ఎయిర్‌పోర్టు వాళ్ళు దిగే ఛార్జీ సగానికి తగ్గిస్తారు. తొమ్మిది పదికి దిగే వేళ, ఆ స్లాట్, మనకే ఉంచుతారు. నిండకపోతే ఇంకో కంపెనీకి ఇస్తారు."

"ఖాళీ విమానం తిప్పితే నష్టం కాదా?"

"నష్టమే. స్లాట్ పోతే అంతకన్నా నష్టం. పొద్దుటి స్లాట్ ఒకసారి చేజారితే మళ్ళీ రాదు. ఇక్కడ ఆఫీసు ఎత్తేస్తారు. నలభై మందిమి ఇళ్ళలో కూర్చుంటాం."

"పైలట్‌కీ ఈ లెక్కే ఇస్తారా?"

"ఛ! బరువు తప్పు చెబితే ప్రాణాలతో చెలగాటం. ఆయనకు అసలు లెక్కే వెళ్తుంది. ఇవాళ ఎనభై ఒకటి."

"అయితే కాగితాలు రెండన్నమాట."

"నేనలా అనలేదు."

"నాకు మొదటి మెమో వచ్చిన రోజున ఎందుకొచ్చిందో నీకు తెలుసా?"

మరిది చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. అన్నం సగం అలాగే ఉంది.

సోమవారం పదకొండుకి ఆడిట్ మేడమ్ గదిలో పెద్దక్కను కూర్చోమనలేదు. గోడ మీద ఒక బోర్డు ఉంది. నెలనెలా ప్రయాణికుల సంఖ్య. గీత పైకి పోతోంది. కొత్త టెర్మినల్‌కు అనుమతి అడిగినప్పుడు ఆ గీతనే చూపించారని సూపర్‌వైజర్ ఒకసారి చెప్పాడు.

"సంజాయిషీ రాశావా?"

"రాయలేదు మేడమ్. చూపిస్తాను. ఒంటిగంట ఇరవైకి రండి."

మేడమ్ వచ్చింది. ప్రయాణికులంతా దిగాక, సూపర్‌వైజర్‌తో కలిసి ముగ్గురూ ఎక్కారు. మేడమ్ పదిహేనో వరస దగ్గర ఆగింది. ముప్పై దాకా నడిచి వెనక్కి వచ్చింది.

"ఈ బెల్టులు నువ్వు ఇప్పుడే వేసి ఉండొచ్చుగా."

"మీతోనే ఎక్కాను మేడమ్."

మేడమ్ సూపర్‌వైజర్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బెల్టులు చూసి మనుషుల్ని లెక్కపెట్టలేం."

"అయితే పైలట్ దగ్గర బరువు కాగితం ఉంటుంది. ఆయన ఇంకా దిగలేదు. అడగండి."

ముందు తలుపు తెరిచే ఉంది. పైలట్ తన సీట్లో కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. మేడమ్ అటు చూసింది. వెళ్ళలేదు. "గదికి రా" అంది.

పెద్దక్క వెనకే నడిచింది. అడిగితే తెలిసిపోయే మాటను ఆఫీసర్ ఎందుకు అడగలేదా అని దారంతా ఆలోచించింది.

గదిలో మేడమ్ రెండు మెమోల మీదా "రద్దు" అని రాసి సంతకం చేసింది. సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీసింది. శుభ్రం చేశాక నింపే ఫారం. అందులో సంచుల గడి లేదు. దాని బదులు ఒక వాక్యం ఉంది: "వాడిన సీట్లు గేటు లెక్కతో సరిపోయాయి." కింద పని చేసినవారి సంతకానికి చోటు.

"ఇక సంచుల గొడవ ఉండదు. నీ ఉద్యోగానికీ ఢోకా లేదు. పెట్టు."

"ఇవి ఎప్పుడు అచ్చు వేయించారు మేడమ్?"

"నీకెందుకు?"

"నేను చూపించి పావుగంట కాలేదు."

మేడమ్ పెన్ను ముందుకు జరిపింది. పెద్దక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. రేపు ఎప్పుడైనా యాభై మంది గురించి ఎవరైనా అడిగితే, వాళ్ళు కూర్చున్నారని సాక్ష్యం చెప్పింది తనే అవుతుంది.

"పెట్టను."

"పెట్టకపోతే మూడో మెమో. తెలుసుగా?"

"ఇవ్వండి. కారణం రాయండి. ఎందుకు పెట్టలేదో దాని కిందే నేనూ రాసి ఇస్తాను. ఎన్ని సీట్లో కూడా రాస్తాను."

మేడమ్ తెల్ల కాగితం తీసుకుంది. తేదీ వేసింది. "విషయం" అని రాసి ఆగింది. సూపర్‌వైజర్ గొంతు సవరించుకుని, "మేడమ్, అది రికార్డుకి ఎక్కుతుంది" అన్నాడు. మేడమ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"వెళ్ళు. పని చూసుకో."

మూడో మెమో రాలేదు. బుధవారం డ్యూటీ చార్టులో పెద్దక్కను అవతలి చివర గేటుకు మార్చారు. అక్కడ సరుకు విమానాలే ఆగుతాయి, సీట్లుండవు. ఇంట్లో మరిది ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. ఆఫీసులో తన పేరు ఎవరైనా ఎత్తారా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం, బట్టలు మార్చుకునే గదికి రేడియో వచ్చింది. తొమ్మిది పది విమానానికి ఇప్పుడు ఆమే పెద్ద. వచ్చి బల్ల మీద కూర్చుంది.

"అక్కా, ఏదో కొత్త కాగితం ఇచ్చారు. సంతకం పెట్టమంటున్నారు. రేపటి దాకా టైమిచ్చారు. ఏమంటావు?"

పెద్దక్క గదిలో ఇంకెవరున్నారో చూసింది. ఇద్దరు బట్టలు మడతపెడుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చింది.